కుదింపుకు లొంగనివి: చిన్న ఆవిరి ఇంజిన్లపై ఒక సంవాదం

రెండు పట్టాల మధ్య ఎడాన్ని రైల్వే పరిభాషలో గేజి అంటారు. భారతదేశపు బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు, ఇంగ్లండులోనూ ఐరోపాలో చాలాచోట్లా చెల్లే ప్రామాణిక గేజి 1,435 మిల్లీమీటర్లు కాగా, పందొమ్మిదో శతాబ్దపు చివరి పాతికేళ్లలో ఇంగ్లండులో 381 మిల్లీమీటర్ల బాట మీద, అంటే పదిహేనంగుళాలతో మూరకు మూడంగుళాలు తక్కువైన ఎడం మీద, బొగ్గు మండించుకుంటూ మనుషులనూ సరుకులనూ మోసిన ఆవిరి ఇంజిన్లు పుట్టాయి. ఆ ఒక్క గేజి మీదనే రెండు వంశాలు బయలుదేరాయి. మొదటిది సర్ ఆర్థర్ హేవుడ్ తన ఎస్టేటులో పని కోసం రూపొందించిన మొరటు ఇంజిన్ల వంశం. రెండోది హెన్రీ గ్రీన్లీ, డబ్ల్యూ. జె. బాసెట్-లోక్ కలిసి ప్రధాన మార్గాల ఇంజిన్లను కుదించి తయారుచేసిన సొగసైన ఇంజిన్ల వంశం. వీటిలో ఏది మెరుగో తేల్చబోయేవారికి, అసలు ఏ కొలబద్దతో పోల్చాలన్న చిక్కు ముందుగా ఎదురవుతుంది. ఆ చిక్కు మీద వాదించే ఇద్దరిలో పెద్ద ఇంజిన్‌కు ఎంత దగ్గరగా ఉంటే చిన్న ఇంజిన్ అంత గొప్పదనే వారిని ప్రతిరూపవాది అనీ, చేసిన పనిని బట్టే దాని విలువ కట్టాలనే వారిని ప్రయోజనవాది అనీ ఇక్కడ వ్యవహరించడం జరిగింది.

ప్రతిరూపవాది: చిన్నది అన్న మాటకు పక్కన పెద్దది ఒకటి ఉంటేనే అర్థం ఏర్పడుతుంది. 1905లో బ్లాక్‌పూల్ సముద్రతీరంలో విహారానికి వచ్చిన జనాన్ని ఎక్కించుకుని తిరిగిన లిటిల్ జయంట్ అనే ఇంజిన్‌ను చూడండి. ముందు నాలుగు చిన్న చక్రాలు, నడుమ నాలుగు చోదక చక్రాలు, వెనుక రెండు చక్రాలు, ఆ వెనుక తగిలించిన చిన్న బండిలో బొగ్గూ నీళ్లూ. ఆ కాలపు ఎక్స్‌ప్రెస్ ఇంజిన్ అంగాంగమూ అందులో కనిపిస్తుంది. ఆ ఆకృతి ఎవరో ఒకరు ఊహించి గీసినది కాదనీ, అప్పటికి ముప్పాతిక శతాబ్దంగా ఇంజనీర్లు తప్పులు చేసి దిద్దుకుంటూ సాధించుకున్న అనుభవసారమనీ గుర్తుంచుకుంటే, దానిని ఉన్నదున్నట్టుగా కుదించడంలోని వివేకం బోధపడుతుంది. అందువల్ల రెండు చిన్న ఇంజిన్లను పోల్చేటప్పుడు, మూలంతో నిష్పత్తిని ఏది ఎంత నమ్మకంగా నిలుపుకుందో చూడడమే సరైన పద్ధతి.

ప్రయోజనవాది: కొండపల్లి బొమ్మల్లో అంబారీ మోసే ఏనుగు కూడా నిష్పత్తి తప్పదు, కాని దానికి మేత వేయనక్కరలేదు, దాని చేత దుంగ ఎత్తించనక్కరలేదు. పని లేని వస్తువుకు పోలిక చాలు, పని ఉన్న వస్తువుకు చాలదు. హేవుడ్ తన ఆలోచనను పెద్ద ఇంజిన్ దగ్గర మొదలుపెట్టలేదు. బండ్లకూ గుర్రాలకూ భారమయ్యేంత సరుకు ఉండి, పెద్ద రైలు మార్గం వేసేంత స్తోమత లేని ఎస్టేటుకు ఎంత చిన్న రైలు సరిపోతుందన్నదే ఆయన ప్రశ్న. మొదట తొమ్మిదంగుళాల గేజి, అంటే జానెడు ఎడం వేసి చూస్తే, మనిషి ఎక్కగానే బండి నిలకడ తప్పింది. అందుకని 1874లో డెర్బీషైర్‌లోని తన డఫీల్డ్ బ్యాంక్ ఇంటి ఆవరణలో పదిహేనంగుళాల మార్గం వేసి, నిలకడగా పనిచేయగల అతి తక్కువ ఎడం అదేనని తేల్చి, దానికి కనిష్ఠ గేజి అని పేరు పెట్టి, 1881లో ఆ విషయమై ఒక పుస్తకం అచ్చువేయించాడు. ఆ పదిహేను అనే సంఖ్య పెద్ద రైలును భాగించగా వచ్చింది కాదు, కూర్చున్న మనిషి బరువు నుంచి వచ్చింది.

ప్రతిరూపవాది: పనినే కొలబద్ద చేసుకుంటే, చిన్న ఇంజిన్ అనే వర్గమే చెదిరిపోతుంది. శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన మార్గం అప్పట్లో 762 మిల్లీమీటర్లది. పెద్ద రైలు పక్కన అది చిన్నదే గాని, హేవుడ్ బాటకు సరిగ్గా రెండింతలు. డార్జిలింగ్ బాట 610 మిల్లీమీటర్లు. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే వారి క్రూ కర్మాగారంలో సామాన్లు చేరవేయడానికి 1865లో తయారైన పెట్ అనే ఇంజిన్ పద్దెనిమిదంగుళాల బాట మీద, అంటే మూరెడు ఎడం మీద తిరిగింది. ఇవన్నీ పనిచేసినవే. గేజి గాని నిష్పత్తి గాని పట్టించుకోకుండా వీటిని ఒకే వరుసలో ఎలా నిలబెట్టగలరు?

ప్రయోజనవాది: ఒక ఇంజిన్ తన బరువుతో ఎంత పని రాబట్టిందో చూస్తే వరుస దానంతట అదే కుదురుతుంది. ఆవిరి ఇంజిన్ లాగుబలాన్ని లెక్కకట్టే సూత్రం సులువైనదే: సిలిండరు వ్యాసాన్ని దానితోనే గుణించి, దానిని పిస్టన్ కదిలే దూరంతోనూ ఆవిరి పీడనంతోనూ గుణించి, వచ్చిన మొత్తాన్ని చోదక చక్రపు వ్యాసంతో భాగించాలి, బాయిలరు పీడనం సిలిండరుకు చేరేసరికి కొంత తగ్గుతుంది కనుక, అందులో నూటికి ఎనభై అయిదు వంతులే లెక్కలోకి తీసుకోవడం వాడుక. అయితే సూత్రం చెప్పిన బలమంతా పట్టాల మీద దిగదు. చోదక చక్రాల మీద ఆనే బరువులో సుమారు నాలుగో వంతుకు మించి లాగబోతే చక్రం ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. 1889 నుంచి డార్జిలింగ్ మార్గం మీదికి వచ్చిన బి తరగతి ఇంజిన్‌కు సిలిండరు వ్యాసం 11 అంగుళాలు, పిస్టన్ కదలిక 14 అంగుళాలు, చక్రం 26 అంగుళాలు, పీడనం చదరపు అంగుళానికి 140 పౌన్లు. లెక్క కడితే లాగుబలం సుమారు మూడున్నర టన్నులు వస్తుంది. ఇంజిన్ బరువు పద్నాలుగు, పదిహేను టన్నులు, ఉన్న నాలుగు చక్రాలూ చోదక చక్రాలే. అంటే దాని బలం, దాని బరువులో నాలుగో వంతుకు సరిగ్గా పక్కన నిలిచింది. వృథా పోయిన బరువూ లేదు, వాడుకోలేని బలమూ లేదు.

ప్రతిరూపవాది: లెక్క అంత చక్కగా కుదిరినా, ముందు కూర్చున్న మనుషులు పట్టాల మీద చేత్తో ఇసుక చల్లితే గాని ఆ ఇంజిన్ కొండ ఎక్కలేదు కదా. డ్రైవరు, ఫైర్‌మన్ చాలక, బొగ్గు పగలగొట్టడానికి ఒకరు, ఇసుకకు ఇద్దరు ఎక్కిన ఇంజిన్‌ను పొదుపుకు నమూనాగా చూపడం విడ్డూరం.

ప్రయోజనవాది: సముద్ర మట్టానికి 2,258 మీటర్ల ఎత్తున ఉన్న ఘుమ్ స్టేషనుకు రైలును చేర్చేటప్పుడు, తడిసిన పట్టా మీద నాలుగో వంతు కూడా పట్టు దొరకదు, ఇసుక ఆ లోటును పూడ్చుతుంది. ఇంజిన్‌ను కుదించినా వానను కుదించలేరు. ప్రతిరూపవాదుల ఇబ్బంది అంతా ఇక్కడే ఉంది. పెద్ద ఇంజిన్‌ను పొడవులో నాలుగో వంతుకు తగ్గిస్తే, దాని ఉపరితలాలన్నీ పదహారో వంతుకు తగ్గుతాయి, ఘనపరిమాణమూ దానితోపాటు బరువూ అరవై నాలుగో వంతుకు పడిపోతాయి. తొంభై టన్నుల ఇంజిన్ సుమారు 1.4 టన్నులుగా మిగులుతుంది. పీడనం మారకుండా ఉంటే లాగుబలం మాత్రం పదహారో వంతు దగ్గర ఆగుతుంది కనుక, బలానికీ బరువుకూ పొత్తు చెడి, చక్రాలు జారడం మొదలవుతుంది. దానికి విరుగుడుగానే హేవుడ్ తన ఇంజిన్లకు మోత చక్రాలు పెట్టకుండా అన్నింటినీ చోదక చక్రాలు చేశాడు. 1875 నాటి ఎఫీకి నాలుగు, 1881 నాటి ఎల్లాకు ఆరు, 1894 నాటి మ్యూరియల్‌కు ఎనిమిది. లిటిల్ జయంట్ పది చక్రాల్లో నాలుగింటినే నడిపిస్తుంది; మిగిలిన ఆరింటి మీది బరువు పట్టుకు పనికిరాదు. ఆకారపుష్టి, నైవేద్యనష్టి అన్న సామెత ఇలాంటి వాటి కోసమే పుట్టి ఉంటుంది.

ప్రతిరూపవాది: ప్రతిరూపకారులు ఈ లెక్క ఎరగనివారు కారు. పదిహేనంగుళాల గేజిని ప్రామాణిక గేజితో భాగిస్తే నాలుగో వంతు కన్న కాస్త ఎక్కువ వస్తుంది. కాని కెంట్ తీరంలో 1927 జూలై 16న తెరిచిన రామ్నీ, హైథ్ అండ్ డిమ్‌చర్చ్ రైల్వే కోసం గ్రీన్లీ గీసిన ఇంజిన్లు మూడో వంతు పరిమాణంలో ఉన్నాయి. మూడో వంతు అయితే బరువు ఇరవై ఏడో వంతు దగ్గర ఆగుతుంది కనుక, తొంభై టన్నుల మూలం మూడు టన్నులకు పైగానే నిలుస్తుంది. కారు పందేల్లో పేరున్న కౌంట్ లూయీ జ్బరోవ్‌స్కీ మొదటి రెండు ఇంజిన్లకు ఆర్డరిచ్చి, 1924లో మొంజా పందెంలో మరణించాక, కెప్టెన్ హౌవీ ఆ పూనికను కొనసాగించాడు. పదమూడున్నర మైళ్ల మార్గం మీద, గంటకు పాతిక మైళ్ల వేగంతో, ఆ ఇంజిన్లు ఇప్పటికీ ప్రయాణికులను చేరవేస్తున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ మార్గం మీద సాయుధ రైలు కూడా నడిచింది. పిట్ట కొంచెం, కూత ఘనం అనదగినది ఏదైనా ఉంటే అది ఇదే గదా.

ప్రయోజనవాది: మూడో వంతు ఇంజిన్‌కు నియమం ప్రకారం పద్దెనిమిదంగుళాలు దాటిన గేజి కావాలి. దానిని పదిహేనంగుళాల మీద నిలబెట్టినప్పుడే గ్రీన్లీ నిష్పత్తిని వదులుకున్నాడు. మీరు చూపిన విజయం ప్రతిరూపానిది కాదు, ప్రతిరూప నియమాన్ని మీరడంవల్ల వచ్చినది.

ప్రతిరూపవాది: నియమాన్ని సడలించినమాట ఒప్పుకోవలసిందే. కాని సడలించినది గేజి ఒక్కదానినే. పొయ్యి, బాయిలరు, చక్రాల అమరిక పెద్ద ఇంజిన్ నుంచి వచ్చినవే. వాటిని కాదన్న హేవుడ్ ఏ ఇబ్బందుల పాలయ్యాడో కూడా చూడాలి. మామూలు రైలు ఇంజిన్‌లో బొగ్గు మండే పొయ్యి ఒక పెట్టెలా బాయిలరు వెనుక చివర కిందికి దిగి ఉంటుంది, అందుకే దానికి లోతైన నిప్పు, విశాలమైన జాలీ దొరుకుతాయి. అలాంటి పెట్టె చక్రాల మధ్యకు దిగితే తన చక్రాల అమరికకు అడ్డు వస్తుందని భావించిన హేవుడ్, చిన్న ఆవిరి పడవల్లో వాడే తరహాలో, పొయ్యిని గుండ్రటి గొట్టంగా చేసి బాయిలరు లోపలే ఇమిడ్చాడు. ఎస్టేటులో కాసేపు లాగి కాసేపు ఆగే పనికి అది సరిపోయింది. ఆగకుండా మైళ్లకొద్దీ పరుగెత్తాల్సి వచ్చినప్పుడు ఆ ఇరుకు పొయ్యి కావలసినంత ఆవిరిని ఇవ్వలేకపోయింది.

ప్రయోజనవాది: ఆ లోపం నిజమే. దానికి బదులుగా ఆయనకు దక్కినదాన్ని కూడా చెప్పాలి. పొయ్యి అడ్డులేనందువల్ల చివరి ఇరుసుల చుట్టూ బోలు గొట్టాలు అమర్చి, చక్రాలను ఆ గొట్టాలకు బిగించి, లోపలి ఇరుసు తన చోట తాను తిరుగుతుండగా గొట్టం మాత్రం మలుపుకు తగినట్టు ఒరిగేలా చేశాడు. ఎనిమిది చక్రాల ఇంజిన్ ఇరుకు మలుపుల్లో ఒరుసుకోకుండా తిరగడానికి కారణం అదే. ఇక నిప్పు సంగతికి వస్తే, పెద్ద బాయిలరును కుదిస్తే చాలునన్న మాట అంత తేలికైనది కాదు. నాలుగో వంతు బాయిలరులో పట్టే నీరు అరవై నాలుగో వంతు, వేడి పోగొట్టుకునే పైభాగం పదహారో వంతు. అంటే ఉన్న నీటికి నాలుగింతల చల్లదనం. గంగాళంలో కాచిన నీళ్లు స్నానం ముగిసేదాకా వెచ్చగా ఉంటే చెంబులో నీళ్లు అంతలోనే చల్లారిపోవడం ఎవరైనా గమనించేదే. బొగ్గు పెళ్ల మండే తీరు, ఆవిరి బుడగ పరిమాణం ఇంజిన్‌తో పాటు తగ్గవు.

ప్రతిరూపవాది: సరిగ్గా ఆ సందేహంతోనే, చిన్న ఇంజిన్లలో బొగ్గు నిప్పు నిలవదని అప్పటి తయారీదారులు స్పిరిటు దీపంతో మండే బాయిలర్లు పెట్టేవారు. 1920ల తొలినాళ్లలో ఎల్‌బీఎస్‌సీ అన్న కలం పేరుతో రాసే ఒక రచయిత, రెండున్నర అంగుళాల గేజి మీద తిరిగే అయేషా అనే తన ఇంజిన్‌లో బొగ్గు మండించి, పెద్ద ఇంజిన్ల తరహా బాయిలరుతోనే పెద్ద మనిషిని లాగించి చూపాడు. బాయిలర్ల పోరు అని పేరుపడిన ఆ వివాదంలో, కుదించడం సాధ్యమన్న పక్షానికే గెలుపు దక్కింది.

ప్రయోజనవాది: గెలుపు దక్కిన మాట నిజం, కాని ఎలా దక్కింది? బాయిలరులో నిప్పు వేడిని నీటి గుండా తీసుకుపోయే గొట్టాల సంఖ్యను మూలంలో ఉన్నంత ఉంచితే వాటి కంత సూదిబెజ్జమంతై మసితో పూడిపోతుంది. అందువల్ల గొట్టాల సంఖ్య తగ్గించి, ఒక్కోదాన్ని కొలతకు మించి వెడల్పు చేయడం చిన్న బాయిలర్ల తయారీలో తప్పనిసరి. పైకి కనిపించే రూపాన్ని నిలపడానికి లోపలి కొలతలను మార్చుకోవలసి వచ్చిందంటే, అక్కడ ఆజ్ఞాపించింది నిప్పు గాని నమూనా కాదు. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో 1880లలో సామ్యూల్ గేగన్ రూపొందించిన ఇరవై రెండంగుళాల గేజి ఇంజిన్లలో ఈ సూత్రం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నేల మీది మట్టి, తడి యంత్రభాగాలను పాడుచేస్తున్నాయని ఆయన సిలిండర్లను బాయిలరు నెత్తి మీదికి ఎక్కించాడు. కర్మాగారం లోపలే ఐర్లండు పెద్ద గేజి వ్యాగన్లను కూడా కదపాల్సి వస్తే, చిన్న ఇంజిన్‌ను ఎత్తి ఒక ప్రత్యేకమైన పెద్ద బండిలో దించి, దాని చక్రాలు కిందనున్న రోలర్లను తిప్పేలా, ఆ రోలర్లు పెద్ద బండి చక్రాలను నడిపేలా ఏర్పాటు చేశాడు. అది ఏ పెద్ద ఇంజిన్‌కూ బొమ్మ కాదు. ఆ ఆవరణకే పుట్టిన బిడ్డ.

ప్రతిరూపవాది: అలాగైతే గిన్నిస్ ఇంజిన్ ఆ ఆవరణ దాటి బతకలేదనీ ఒప్పుకోవాలి. ఏ చోటుకు పుట్టినది ఆ చోటికే పరిమితమైపోతే, ఒకచోట నేర్చినది మరోచోటికి చేరదు. పెద్ద రైలు నుంచి అందిపుచ్చుకున్న ఆకృతికి ఉన్న మేలు అదే: నడిపేవాడికి పరిచయం, మరమ్మతు చేసేవాడికి అలవాటు, ఎక్కేవాడికి ఆకర్షణ. పాతికేళ్లు, యాభై ఏళ్లు గడిచినా జనం టిక్కెట్టు కొని ఎక్కారంటే ఆ ఆకర్షణ కూడా ఒక పనే కదా. ఆనందాన్ని మోయడం పని కాదని హేవుడ్ కూడా అనలేదు. ఎస్టేటు సరుకుల కోసమే ఆ బాట అన్న పెద్దమనిషి, డఫీల్డ్ బ్యాంక్‌లో భోజనాల పెట్టెనూ పడక పెట్టెనూ కూడా నడిపాడు.

ప్రయోజనవాది: ఆ మాటకు జవాబు లేదు. భోజనాల పెట్టె ఏ బొగ్గు గనికీ అవసరం లేదు. అయితే సముద్రతీరపు చదును నేల మీద జనాన్ని తిప్పడానికి గీసిన ఇంజిన్‌ను కొండదారికి తెస్తే ఏమవుతుందో కూడా చరిత్రలోనే ఉంది.

సంవాదం ఇక్కడికి చేరేసరికి, ఇరుపక్షాల వాదాలనూ ఒకే పట్టా మీద పరీక్షించిన మార్గం ఒకటి ప్రస్తావనకు వస్తుంది. అది ఇంగ్లండు వాయవ్య మూల, కంబ్రియా కొండల్లోని రావెన్‌గ్లాస్ అండ్ ఎస్క్‌డేల్ రైల్వే. ఇనుప ఖనిజం మోయడానికి 1875లో తెరిచిన ఆ ఏడు మైళ్ల మార్గం 1913లో మూతపడగా, 1915లో బాసెట్-లోక్ పక్షం వారు దానిని పదిహేనంగుళాల గేజికి మార్చి, లిటిల్ జయంట్ వంశానికే చెందిన సాన్ పరేయ్ అనే ప్రతిరూప ఇంజిన్‌తో రైలు నడిపారు. చదును నేల విహారాలకు తయారైన ఆ సొగసైన యంత్రం ఎగుడుదిగుడు దారి మీద, బరువుల కింద త్వరగా అరిగిపోయింది. 1916లో హేవుడ్ మరణించిన తర్వాత ఆయన ఇంజిన్లు ఎల్లా, మ్యూరియల్ అదే మార్గానికి చేరాయి. వాటి చట్రాలు ఆ మోతను తట్టుకున్నాయి, కాని ఏడు మైళ్ల ఆగని పరుగుకు వాటి పొయ్యి ఆవిరి అందించలేకపోయింది.

ఆ విధంగా ఒక పక్షానికి కాళ్లూ, మరో పక్షానికి ఊపిరీ చాలలేదు. 1923లో గ్రీన్లీ ఆ మార్గం కోసం రివర్ ఎస్క్ ఇంజిన్‌ను గీసినప్పుడు ఎనిమిది చక్రాలను చోదక చక్రాలుగా పెట్టి, నిష్పత్తికి కట్టుబడకుండా మూడో వంతు పరిమాణానికి పెంచాడు. అంటే చూపులో ప్రతిరూపంగానే ఉంటూ, బరువు విషయంలో హేవుడ్ పాఠాన్ని వంటబట్టించుకున్నాడు. 1927లో మ్యూరియల్‌కు పాత బాయిలరు తీసివేసి, రైలు ఇంజిన్ల తరహా పొయ్యి ఉన్న పెద్ద బాయిలరును అమర్చి, ఆ బరువు ఆనడానికి వెనుక రెండు మోత చక్రాలు చేర్చి, రివర్ ఇర్ట్ అని కొత్త పేరు పెట్టారు.

ఈ సంగతి వినిపించినప్పుడు ప్రతిరూపవాది, నిష్పత్తిని కొలబద్దగా నిలపడం సాధ్యం కాదని అంగీకరిస్తూనే, పెద్ద ఇంజిన్ నుంచి వచ్చిన బాయిలరు లేకుంటే మ్యూరియల్ ఇనుప చట్రంగా మిగిలిపోయేదని గుర్తుచేశారు. ప్రయోజనవాది దానిని కాదనలేదు. పని అన్నది ఒక్క చోటి పని మాత్రమే అయితే, చోటు మారగానే ఇంజిన్ నిరుపయోగమవుతుందన్న సవరణను తమ వాదానికి చేర్చుకున్నారు. ఇద్దరూ కలిసి ఒప్పుకున్నది ఒక్కటే. అసాధారణంగా చిన్నవైన ఇంజిన్లను పక్కపక్కన పెట్టినప్పుడు, గేజి, బరువు, నిష్పత్తి కన్న ముందు, కుదింపుకు లొంగని వాటిని వరుసగా రాసుకోవాలి: ఎక్కే మనిషి బరువు, మండే బొగ్గు పెళ్ల, తడిసిన పట్టా, మరిగే నీరు. ఒక్కొక్కదాని ముందు ఏ ఇంజిన్ ఎక్కడ తలవంచింది, ఎక్కడ తన కొలతలు మార్చుకుని నిలదొక్కుకుంది అన్నది రాసుకుంటే, బి తరగతి ఇంజిన్‌నూ, గిన్నిస్ ఇంజిన్‌నూ, అయేషానూ, లిటిల్ జయంట్‌నూ ఒకే పట్టికలో చదవడం వీలవుతుంది.

ఆ పట్టికలో మ్యూరియల్‌కూ రివర్ ఇర్ట్‌కూ వేర్వేరు గడులు అక్కరలేదు. హేవుడ్ 1894లో బిగించిన చట్రం మీదనే, ఆయన వద్దనుకున్న తరహా బాయిలరులో నీళ్లు మరిగించుకుంటూ, ఆ ఇంజిన్ ఎస్క్‌డేల్ లోయలోకి నేటికీ రైలు లాగుతోంది.